దెబ్బకి ముందు కట్టు

దెబ్బ తగిలాక కట్టు కట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. తగలకముందే కట్టేసే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు అప్పలసూరి. భిలాయిలో మాదీ ఆయనదీ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న క్వార్టర్లు. ప్లాంటు ఫస్ట్ ఎయిడ్ గదిలో డ్రెస్సరుగా పనిచేసేవాడు. వారంలో ఆరు రోజులు అక్కడ తెగిన వేళ్లకీ, కాలిన చేతులకీ కట్లు కట్టేవాడు. ఏడో రోజు సెలవు పుచ్చుకుని, సెక్టరు గ్రౌండుకొచ్చి, ఏ రోగమూ లేని మోకాళ్లకి కట్టేవాడు.

ఆదివారం పొద్దున్నే ఖాకీ సంచీ భుజాన తగిలించుకుని బయల్దేరేవాడు. అందులో చుట్టలు చుట్టిన గుడ్డపీలికలు, దూది, టించరు సీసా, రెండు వెదురు బద్దలు. బంతి పట్టుకున్న మనిషి కనబడితే చాలు, "ఆడతావా? అయితే కాలు పెట్టు" అనేవాడు. ఎంత పొడుగు మనిషైనా ఆ మాటకి కాలు పెట్టాల్సిందే. హిందీ కుర్రాళ్లు ఆయన్ని పట్టీ చాచా, అంటే కట్ల బాబాయి, అనేవారు. మనవాళ్లు వెనక ఇంకేవో అనేవారు. వాటిలో సగం నేనన్నవే కాబట్టి ఇక్కడ రాయను.

ఆయన గెలిచిన తగువు ఒకటి నా కళ్లతో చూశాను. అది అరవై నాలుగు. హోలీ రంగులు ఇంకా గోడల మీద పోలేదు. ఫుట్‌బాల్ మ్యాచి పెట్టారు. రిఫరీ ఘోషాల్ బాబు, ప్లాంటులో ఫోర్‌మన్. ఈల నోట్లో పెట్టుకుని మైదానం మధ్యకొచ్చి చూస్తే ఒక జట్టులో పదకొండుమందికీ మోకాళ్లకి కట్లు. ఈల నోట్లోంచి జారి మెడలో వేళ్లాడింది. ఇది మ్యాచా, ఆసుపత్రి వార్డా అని అడిగాడు. దెబ్బలు తిన్నవాళ్లని ఆడించి ఆ పాపం నెత్తిన వేసుకోనని, కట్లు విప్పితేనే ఈల ఊదుతానని మొండికేశాడు.

అప్పలసూరి గీత దాటి లోపలికి వెళ్లాడు. ఆయన హిందీ కూడా భీమిలి యాసలోనే మాట్లాడేవాడు కాబట్టి నేను తెలుగులోనే చెబుతాను.

"దెబ్బలు ఎవలికీ నేవు బాబూ. తగలకముందే కట్టినాను."

"తగలకముందు కట్టేమిటి? నీకు పిచ్చా?"

"తమరు ప్లాంటులో నెత్తిమీద గట్టి టోపీ ఎప్పుడు పెడతారు? ఇటిక పడ్డాకా, పడకముందా?"

ఘోషాల్ బాబు చెయ్యి తన నెత్తి మీదికి పోయింది.

"పడకముందే పెడతన్నారు కదా. మరది పిచ్చి కాదేటి?"

జనం గొల్లుమన్నారు. టోపీ లేని మనిషిని ఘోషాల్ బాబు ప్లాంటులో తను చూసే షాపులో అడుగు పెట్టనివ్వడని అక్కడ అందరికీ తెలుసు. ఆయన కాసేపు బంతికేసి, కాసేపు ఆకాశంకేసి చూసి ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఆట సగమయ్యేసరికి ఆయనే గుంటలో కాలు పడి బోర్లా పడ్డాడు. అప్పలసూరి వెళ్లి పక్కన గొంతుక్కూర్చుని సంచీ విప్పాడు, అంతే. తర్వాతి ఆదివారం నుంచి మైదానంలో అందరికంటే ముందు కాలు చాపేది ఘోషాల్ బాబే.

కట్టుగుడ్డ ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. ప్లాంటు గుడ్డ అంగుళమైనా ఇంటికి తెచ్చే మనిషి కాదు. అవన్నీ మా చీరలు. ఆ వీధిలో ఆడవాళ్లం పాతచీర తీగ మీద ఆరేసి లోపలికి వెళ్లాలంటే జంకేవాళ్లం. దొంగతనం చేస్తాడని కాదు. తీగ పక్కన నిలబడి, చీరని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "మెత్తబడిపోనాది సెల్లెమ్మా, ఇంకెన్నాళ్లు కడతావు" అని దిగులుగా అడిగేవాడు. ఆ దిగులు చూడలేక మేమే చింపి ఇచ్చేవాళ్లం. పెద్దాడు పుట్టినప్పుడు మా అమ్మ పెట్టిన నీలం చీరని ఒక ఆదివారం గోలు దగ్గర నిలబడ్డ సర్దార్జీ మోకాలి మీద చూశాను, అంచుతో సహా. నీకంటే అతనికే నప్పిందని మా ఆయన అన్నాడు. ఆ పూట మా ఇంట్లో కూర వండలేదు.

ఒక్క చీర మాత్రం ఇవ్వలేదు. పొందూరు నూలుది. పసుపురంగు, ఎర్రంచు. నా పెళ్లికి మా నాన్న స్వయంగా వెళ్లి కొన్నది. ఉతికి ఉతికి వెన్నలా అయింది. దాన్ని ట్రంకుపెట్టె అడుగున పెట్టి తాళం వేశాను. అప్పలసూరికి ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ, మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆ పెట్టెకేసి ఒకసారి చూసి తల తిప్పుకునేవాడు. నేను తాళంచెవి బొడ్లో ఉందో లేదో తడుముకునేదాన్ని.

ఏ ఆట చూసినా ఆయనకి ప్రమాదమే కనబడేది. కబడ్డీకి చీలమండలూ వాలీబాల్‌కి మణికట్లూ అంటే సరే. క్లబ్బులో క్యారమ్స్ ఆడేవాళ్ల చూపుడువేళ్లకి కూడా పీలికలు చుట్టాడు. గోరు లేచిపోయిన మనిషిని మీరు చూడలేదు, నేను చూశానని వాదించాడు. మా ఆయన పేకాటకి వెళితే బొటనవేలికి కట్టుతో తిరిగొచ్చాడు. వీధిలో ఎవరైనా "ఏటైంది?" అని అడిగితే "ఏటీ కానేదు, అందుకే" అనడం మా సెక్టరులో వాడుకైపోయింది. కొత్తగా వచ్చిన డాక్టరొకాయన సాయంత్రం షికారుకొచ్చి, నాలుగిళ్లకి ముగ్గురు చొప్పున కట్లతో అరుగుల మీద కూర్చోవడం చూసి, ఇక్కడేదైనా కొట్లాట జరిగిందా అని నన్నే అడిగాడు. కొట్లాట కాదు నాయనా, ఆదివారం జరిగింది అన్నాను.

పంద్రాగస్టుకి ఆడవాళ్లకి కుర్చీలాట పెట్టారు. ఆడవాళ్ల కాళ్లకి కట్టు కట్టలేడు కదా, ఇప్పుడేం చేస్తాడో చూద్దామని అందరం నవ్వుకుంటూ వెళ్లాం. వెళ్లి చూస్తే పదకొండు కుర్చీల కోళ్లకీ మూలలకీ కట్లు. కుర్చీలన్నీ యుద్ధంలోంచి తిరిగొచ్చినట్టున్నాయి. పాట ఆగింది. ఒకే కుర్చీ మీద నేనూ, పక్కవీధి కోటమ్మా ఒక్కసారే కూలబడ్డాం. కోటమ్మ నాకు రెండింతలుంటుంది. నేను దొర్లిపోయి, నుదురు వెళ్లి కుర్చీ మూలకి కొట్టుకుంది. మెత్తగా కొట్టుకుంది. కళ్లు తెరిచి చూస్తే నీలం పీలిక, నా చీరే. ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు. చెబితే నెత్తినెక్కి కూర్చుంటాడు.

ఇక్కడ మా తమ్ముడి విషయం రావాలి. బలరాం. మా అమ్మా నాన్నా పోయాక విజయనగరం నుంచి నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. అప్పటికి ఇరవై రెండేళ్లు. నన్ను అప్పా అని పిలుస్తాడు. చదువు నాలాగే అంతంతమాత్రం గానీ, బంతి వాడి కాలికి తగిలితే ఇక వేరేవాళ్లకి దొరికేది కాదు. భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో ఇనపసామాన్లు చేసే చిన్న కంపెనీ ఒకటి జట్టు పెట్టుకుంది. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. బాగా ఆడేవాళ్లని పనిలోకి తీసుకునేవారు. పగలు లేతు మిషను, సాయంత్రం బంతి. కానీ అదంతా టెంపరవరీ. మేనేజరు పరబ్రహ్మం గారు ఏడాదికోసారి, చలికాలంలో పక్కూరు దుర్గ్ జట్టుతో పెద్దమ్యాచి అయ్యాక, కొందరిని పర్మనెంటు చేసేవారు. కాళ్లు బాగున్నవాళ్లనే చేసేవారు. లేతు మిషను చేతులతో నడుస్తుంది కదా అని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆ హోలీకి ముందు చలికాలం, తాతబ్బాయి అని శ్రీకాకుళం కుర్రాడు మోకాలికి రుమాలు కట్టుకుని ఆ మ్యాచికి వచ్చాడు. పరబ్రహ్మం గారు జీపు దిగకుండానే ఆ రుమాలు చూశారు. మూడో రోజుకి తాతబ్బాయి పెట్టె పట్టుకుని దుర్గ్ స్టేషన్లో ఉన్నాడు. అప్పలసూరే వెళ్లి రైలెక్కించి వచ్చాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మర్నాడు మా గుమ్మంలోకి వచ్చి పాతచీరలున్నాయా అని అడిగాడు. ఈ కట్ల పిచ్చి అప్పుడు మొదలైందే. ప్లాట్‌ఫారం మీద గాలి ఏదో సోకిందనుకున్నాం.

ఆ వానాకాలం మరోదా చెరువు నిండింది. గాలి వీస్తే మూరెడు అలలు లేచేవి. కుర్రాళ్లు సెంట్రింగు చెక్క ఒకటి సంపాదించి, దాని మీద బోర్లా పడుకుని, అల వెనకనుంచి తోసినప్పుడు లేచి నిలబడి గట్టుదాకా రావడం మొదలెట్టారు. అందరికంటే ముందు మా బలరామే. నేను అన్నం పట్టుకెళ్లాను కాబట్టి చూశాను. అప్పలసూరికి ఎవరు చెప్పారో, సైకిలు తొక్కుకుంటూ వచ్చేశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. ముఖం తెల్లబోయింది. చెక్కని పైకి తెమ్మన్నాడు. దాని ముందు కొసకి గోనెపట్టా చుట్టి, పైన చీరపీలికలు బిగించాడు.

"చెక్కకి కూడా దెబ్బ తగులుద్దా చాచా?" అని ఒకడు ఎగతాళి చేశాడు.

"సెక్కకి తగలదురా. సెక్క తగిలిస్తాది. అల ఎవుణ్ణీ కొట్టదు. పడిపోనాక ఎనక్కొచ్చి కొట్టేది సెక్కే."

తర్వాత పొడుగాటి తాడు తీసి ఒక కొస చెక్కకీ, రెండో కొస బలరాం చీలమండకీ కట్టాడు. చెక్క తప్పించుకుపోయి ఇంకొకడి తల పగలగొట్టకుండానట, పడ్డవాడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండడానికట. మా తమ్ముణ్ణి గేదెలా కట్టేశావేమిటని నేను కేకలేశాను. ఇదంతా నీకెలా తెలుసని కుర్రాళ్లు అడిగితే చెప్పాడు. చిన్నప్పుడు భీమిలిలో వాళ్లు పాత తెప్పలోంచి ఊడిన దుంగని చదునుగా చెక్కుకుని, దాని మీద నిలబడి సముద్రపు అలతో పాటు ఒడ్డుకి వచ్చేవారట. ఒక్కడూ నమ్మలేదు. నలభై అయిదేళ్ల మనిషి. కుడికాలు కాస్త ఈడ్చి నడుస్తాడు. ఆ మోకాలికి ఎప్పుడూ ఒక కట్టు ఉండేది. అందరికీ కట్టి తను మానేస్తే బాగుండదని కట్టుకుంటాడనుకునేవాళ్లం.

నమ్మకపోయేసరికి ఆయనకి రోషం వచ్చింది. పంచె గోచీ బిగించి నీళ్లలో దిగాడు. చెక్క మీద పడుకుని వెనక్కి తిరిగి అలలకేసి చూస్తూ ఉన్నాడు. మూడు అలల్ని పోనిచ్చాడు. నాలుగోది వచ్చినప్పుడు లేచాడు. ఎలా లేచాడో నేను చూడలేదు. పడుకున్న మనిషి, మరుక్షణంలో నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ కాస్త చాపి, మోకాళ్లు కాస్త వంచి, గట్టుకేసి కాకుండా ఇంకెక్కడికో చూస్తూ వస్తున్నాడు. ఆ మనిషిలో కుంటితనం లేదు, నలభై అయిదేళ్లూ లేవు. పది గజాలు వచ్చాక కుడికాలు మడత పడి నీళ్లలో పడ్డాడు. పైకి తేలి, ముక్కు చీదుకుని, "కట్టు తడిసిపోనాది" అన్నాడు. అంతే అన్నాడు.

చలికాలం వచ్చింది. దుర్గ్ మ్యాచి ఆదివారం అన్నారు. జానెడు రుమాలు చూసి ఒకణ్ణి ఊరికి పంపేసిన మనిషి, బారెడు కట్టు చూస్తే ఊరుకుంటాడా? శుక్రవారమే గోడ దగ్గర నిలబడి అప్పలసూరిని పిలిచాను.

"అన్నా, నీ ఏషాలు నువ్వు ఏసుకో. ఎల్లుండి మావోడికి మాత్రం కట్టకు."

"ఎందుకమ్మా?"

"పర్మనెంటు చేసీది ఎల్లుండే. కట్టు చూస్తే కుంటోడనుకుంటారు. తాతబ్బాయిని మర్చిపోనావేటి?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు.

"మర్చిపోనేదు" అన్నాడు.

"అయితే కట్టవు కదా?"

"కడతాను."

ఆ తర్వాత నేనన్న మాటలకి గోడ మీద కాకి లేచిపోయింది. ఆయన పెళ్లాం హైమవతి బియ్యం ఏరుకుంటూ, చాట దించకుండా అన్నీ విన్నది. బతికున్నన్నాళ్లూ మీ గుమ్మం తొక్కనన్నాను. మా తమ్ముడి నోటికాడ కూడు లాగేస్తున్నావన్నాను. అప్పలసూరి తల వంచుకుని ఆఖరుదాకా విని, నేను ఊపిరి తీసుకోవడం చూసి, "మంచినీళ్లు తాగు సెల్లెమ్మా. గొంతుకి కట్టు కట్టడం నాకు రాదు" అని లోపలికి పోయాడు.

బలరాంకి కూడా గట్టిగా చెప్పాను. ఆయన పిలిచినా దగ్గరికి వెళ్లకని. వాడు కంచంలోకి చూస్తూ సరే అప్పా అన్నాడు.

ఆదివారం మైదానానికి నేను కత్తెర పట్టుకెళ్లాను. కొంగులో దాచాను. ఆయన కట్టడం, నేను కత్తిరించడం, అయిపోతుందనుకున్నాను. వెళ్లి చూశాక కాళ్లు ఆగిపోయాయి. మా జట్టులో పదకొండుమందికీ కట్లు. దుర్గ్ జట్టులో పదకొండుమందికీ కట్లు. ఘోషాల్ బాబు రెండు కాళ్లకీ కట్టించుకుని, ముందు జాగ్రత్త గురించి దుర్గ్ కెప్టెన్‌కి పాఠం చెబుతున్నాడు. గోలుకర్రలకి కట్లు. పకోడీల బండివాడి మోచేతికి కట్టు. మా ఇంటి చీరలూ, కోటమ్మ చీరలూ, మా వీధి చివరింటి కనకమహాలక్ష్మి గారి గులాబీ చీరా అన్నీ మైదానంలో అటూ ఇటూ పరిగెడుతున్నాయి. బలరాం మోకాలికీ ఉంది, అందరికంటే లావుగా. నేను జనాన్ని తోసుకుని వాడికేసి నడిచాను. కత్తెర చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడే జీపు వచ్చింది.

పరబ్రహ్మం గారు దిగారు. ఇస్త్రీ ప్యాంటు, మడత నలగని చొక్కా. ఆటగాళ్ల కాళ్లకేసి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశారు. మళ్లీ ఆ కొసనుంచి ఈ కొసదాకా చూశారు.

"ఏమిటయ్యా ఇది? ఎవరికి దెబ్బ?"

"ఎవలికీ నేదండి" అన్నాడు అప్పలసూరి ముందుకొచ్చి.

"మరి ఈ కట్లు?"

"ముందుజాగ్రత్తండి. తమరు బంతి తన్ని ఆట మొదలెట్టాల కదా. కాలు పెట్టండి."

పరబ్రహ్మం గారు చుట్టూ చూశారు. ఘోషాల్ బాబు తన రెండు మోకాళ్లూ ముందుకు పెట్టి చూపించాడు. దుర్గ్ కెప్టెన్ తనదీ చూపించాడు. అంతమందిలో కట్టు లేని పెద్దమనిషి ఆయనొక్కడే. ఏమనుకున్నారో, కాలు ముందుకు పెట్టారు. అప్పలసూరి మోకాలి మీద కూర్చుని ఇస్త్రీ ప్యాంటు మీదుగానే గులాబీ పీలిక మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. పరబ్రహ్మం గారు బంతి తన్నారు. అది నాలుగు గజాలు వెళ్లి ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆట అయ్యేదాకా ఆయన గీత పక్కన కాస్త కాలు ఈడుస్తూ, పెద్ద ఆటగాడిలా పచార్లు చేశారు. ఎవరి కట్టునీ మళ్లీ చూడలేదు.

నేను కత్తెర కొంగులో దోపేసుకున్నాను. ఇంకో సంగతికి ఒళ్లు మండింది. ఎప్పుడూ ముందు వరసలో ఆడే మా వాణ్ణి ఆ రోజు గోలుకర్రల మధ్య నిలబెట్టారు. గోలు కాసే సర్దార్జీని ముందుకి పంపారు. కెప్టెన్ చెవిలో ఇది ఊదింది కూడా అప్పలసూరేనని ఎవరో అన్నారు. వాడు గోలు కొడితే కదా మేనేజరు కంట పడేది అని పళ్లు నూరుకున్నాను. వాడు మాత్రం ఎడంకాలి మీద రెండుసార్లు గాల్లోకి లేచి రెండు బంతులు ఆపాడు. మూడోది పోయింది. సర్దార్జీ తల గుడ్డ ఊడిపోయేలా పరిగెత్తి ఒక గోలు కొట్టాడు. చెరొకటితో ఆట ముగిసింది. పరబ్రహ్మం గారు జీపు మెట్టు మీద నిలబడి పేర్లు చదివారు. నాలుగో పేరు మా బలరాంది.

ఇంటికి వచ్చి సేమ్యా పాయసం కాచాను. హైమవతి గుమ్మం తొక్కనన్న మాట గుర్తుంది గానీ, ఒకసారి తొక్కి, నీ కట్టున్నా మా వాడికి వచ్చింది చూశావా అని నాలుగంటించి వద్దామని గిన్నె పట్టుకుని వెళ్లాను. సాయంత్రం ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది. లోపల మంచం మీద బలరాం. వాడి కాలు అప్పలసూరి ఒళ్లో. కట్టు విప్పుతున్నాడు. అందరి కట్టూ రెండు చుట్లు, మూడు చుట్లు. ఇది విప్పుతూనే ఉన్నాడు. ఏడు చుట్లు లెక్కపెట్టాను. కింద దూది. దూది కింద అటో బద్ద, ఇటో బద్ద. దాని కింద మా వాడి మోకాలు కొబ్బరికాయంత ఉంది.

నా నోట మాట రాలేదు. నాకు అలా జరగడం మా ఆయన కూడా ఎరగడు.

"మూణ్ణెల్లయింది అప్పా" అన్నాడు బలరాం. "గ్రౌండులో గుంట. తిరిగిపోయింది."

"నాకు చెప్పలేదేటిరా?"

"నువ్వు ఏడుస్తావని కాదు. అరుస్తావని. నీ గొంతు హథ్‌ఖోజ్ దాకా వినబడుద్ది."

పాయసం గిన్నె కింద పెట్టాను. వంగితే కొంగులో కత్తెర పొడుచుకుంది. మధ్యాహ్నం జీపు ఇంకో నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే, పరబ్రహ్మం గారి కళ్ల ముందు ఆ బద్దలు నా చేత్తో నేనే బయటపెట్టేదాన్ని. కత్తెర తీసి హైమవతి చేతికిచ్చాను. ఆవిడ ఏమీ అడక్కుండా అటక మీద పెట్టేసింది.

అప్పుడు అప్పలసూరి తన సంగతి చెప్పాడు. పెద్దగా ఏమీ చెప్పలేదు. వాల్తేరులో ఒక జట్టుకి ఆడేవాడట. ఆ భీమిలి చెక్కే వెనక్కొచ్చి మోకాలికి కొట్టిందట. చెబితే జట్టులోంచి తీసేస్తారని దాచి రెండేళ్లు ఆడాడట. చెప్పి ఉంటే ఆర్నెల్లు మంచం మీద ఉండేవాణ్ణి, చెప్పలేదు కాబట్టి జన్మంతా ఈడుస్తున్నానని నవ్వాడు. బలరాం ఇంక ఆర్నెల్లు బంతి ముట్టడని, లేతు దగ్గర స్టూలు వేయిస్తానని, పర్మనెంటు మనిషిని మోకాలు చూసి పంపేయలేరని చెప్పాడు. గోలులో ఎందుకు నిలబెట్టాడో నేను అడగలేదు. నాకు కూడా కాస్త బుర్ర ఉంది.

"అయితే వాడొక్కడికే కట్టొచ్చు కదా. ఊరందరికీ ఎందుకు కట్టినావు?" అన్నాను.

"ఒక్కడికే కడితే ఆడు ఇంకో తాతబ్బాయి. అందరికీ కడితే నాను పిచ్చోణ్ణి. పిచ్చోడు పిచ్చోడిలాగుంటే ఎవలికీ ఉద్యోగం పోదు."

ఆయన మళ్లీ కొత్త పీలిక తీసి చుట్టడం మొదలెట్టాడు. గుడ్డ నీలంగా ఉంది. పోల్చుకున్నాను గానీ ఏమీ అనలేదు. బలరాం పాయసం తాగుతున్నాడు. కాసేపయ్యాక, మా వాడి గండం గడిచింది కదా, ఇంక ఆ సంచీ అటకెక్కించు, ఎన్నాళ్లని ఊళ్లో వాళ్ల చేత నవ్వించుకుంటావన్నాను.

"ఇంకా ఇద్దరున్నారు" అన్నాడు.

"ఎవరు?"

ఆయన దూలాలకేసి చూశాడు. చెప్పడని తెలిసి కూడా మూడుసార్లు అడిగాను. చెప్పలేదు. ఇన్నాళ్లయింది, ఆ ఇద్దరూ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. సర్దార్జీ అని ఒకసారి, ఘోషాల్ బాబే అని ఒకసారి అనిపిస్తుంది.

కట్టు ముడి వేసి, పళ్లతో కొస కొరికి, నాకేసి తిరిగాడు. వచ్చే రెండు ఆదివారాలూ తనకి డ్యూటీ పడిందన్నాడు. కట్లు ఆగితే ఆ ఇద్దరూ బయటపడిపోతారు, ఆ రెండు వారాలూ నువ్వే కట్టాలన్నాడు. నాకు కట్టడం రాదన్నాను. వంకరగా కడితే ఇంకా మంచిది, బాగా నవ్వుతారు, నవ్వేవాళ్లు కాళ్లకేసి చూడరన్నాడు.

"ముందు ఘోషాల్ బాబుకి కట్టు సెల్లెమ్మా. ఆయన సాపితే ఇంకెవుడూ సిగ్గుపడడు. కట్టేటప్పుడు ఎవుడైనా పళ్లు బిగిస్తే ఆడికి ఇంకో నాలుగు సుట్లు ఎయ్యి. ఎందుకని అడక్కు, ఆడి మొగంకేసి సూడకు."

సరేనన్నాను. ఆయన ఖాకీ సంచీ బోర్లించి చూపించాడు. అడుగున రెండే పీలికలున్నాయి. గోడకేసి చూశాడు. ఆ గోడ అవతల మా ట్రంకుపెట్టె ఉంది. నా చెయ్యి బొడ్లో తాళంచెవి మీదికి పోయింది.

"గుడ్డ సాలదు" అన్నాడు చాలా మెల్లిగా. "ఆ పసుపు సీర సింపు సెల్లెమ్మా. ఎర్రంచు నాకొద్దు. అంచు నువ్వుంచుకో."